సుగ్గికి పోయినోళ్లు వచ్చినాక

ముసలితనంలో ఇల్లు కొనాలన్న పిచ్చి ఎందుకు పడుతుందో మీలో ఎవరికైనా తెలిస్తే చెప్పండి. నాకు రిటైరైన ఏడాదే పట్టింది. ఆదోనిలో ఉన్న ఇల్లు చాలదా అంటుంది మా ఆవిడ. చాలు. కానీ పత్తి సీజన్లో మార్కెట్‌కు పోయే లారీల హారన్లకు రాత్రీ పగలూ తేడా ఉండదు. చెవులకు కాస్త నెమ్మది కావాలని, ఏదన్నా పాత పల్లెలో మట్టిమిద్దె చూసుకుందామని బయలుదేరాను.

ఈ పిచ్చికి అగ్గి రాజేసింది మా స్నేహితుడి కొడుకు. ఇంగ్లండులో ఒక పాతకాలం పల్లెలో ఇల్లు కొన్నాడు. ఫోనులో వాడి బాధ వినాలి! ఇల్లు వాడిదే, కిటికీ మాత్రం వాడిది కాదు. మార్చాలంటే కౌన్సిల్ వాళ్ల అనుమతి కావాలి. 1947 చట్టంతో మొదలుపెట్టి అక్కడ విశేషమైన పాత కట్టడాలను పట్టికలోకి ఎక్కించారు. పట్టికలో ఉన్న ఇంటి రూపు అడగకుండా మారిస్తే జరిమానాతో పోదు, నేరం కింద కేసే. లేకాక్ అనే ఊరినైతే 1944లో దాని యజమానురాలు నేషనల్ ట్రస్టుకు దానమే ఇచ్చేసింది. అక్కడ ఎక్కువమంది ట్రస్టుకు అద్దె కట్టుకుంటూ ఉంటారు. "అంకుల్, మీరు అదృష్టవంతులు, మీ ఊళ్లో అడిగేవాడు లేడు" అన్నాడు. అవును, అడిగేవాడు లేకనే మా పాత మిద్దెలన్నీ ఆర్‌సీసీ అయిపోయినాయి.

సరే, పెద్దతుంబళం పోయినాం, నేనూ ఎమ్మిగనూరు నుంచి మా బావమరిదీ. ఉగ్గాని బజ్జీ తిని పొద్దున్నే బండెక్కినాం. చాళుక్యుల కాలం నాటి పాత గుళ్లున్న ఊరు అది. జైన విగ్రహాలు బయటపడ్డ చోటు కూడా. పార్శ్వనాథుడి తీర్థమని ఎక్కడెక్కడి జైనులో వస్తుంటారు. అంత పాత ఊళ్లో ఇళ్ల మీద శ్రద్ధ ఎవరికి? రాళ్లకు దండం పెడతాం, మట్టిని పడగొడతాం.

మాకు చూపించిన మిద్దె మాత్రం ఇంకా నిలబడే ఉంది. గోడలు రాయీ మట్టీ కలిపి కట్టినవి. ఎంత మందమంటే, కిటికీ అరుగు మీద పిల్లోడిని పడుకోబెట్టొచ్చు. లోపలికి అడుగు పెడితే ముందు ఎద్దుల గాడి, దాటి రెండు మెట్లెక్కితే మనుషుల తావు. నెత్తిన దూలాలు, వాటి మీద దంతెలు, ఆ పైన కట్టెలు పరిచి, ఆకూ గడ్డీ వేసి, మట్టి తొక్కి, అన్నిటికీ పైన చౌడు. ఈ చౌడు సంగతి ఇంజనీర్లను అడిగితే నవ్వుతారు గానీ, పంట పండని ఆ ఉప్పుమన్నే నీళ్లు తగలగానే మెత్తగా విడిపోయి సందులన్నీ పూడ్చేస్తుంది. కిందికి చుక్క దిగదు. వానలు తక్కువున్న సీమకు సరిపోయిన కప్పు. మే నెలలో ఆ గదిలో నిలబడి చూడండి, బయటి ఎండ మాట మర్చిపోతారు. నడుమ గవాచి. అందులోంచి దిగే వెలుతురు పూటపూటకీ గోడ మీద జరుగుతుంటుంది, గడియారం అక్కరలేదు.

మరి మెలిక? ఏటా వానలకు ముందు ఎవరో ఒకరు పైకెక్కి కొత్త చౌడు పోయాలి. వాన పడ్డాక మొలిచిన గడ్డి పీకాలి. రెండేళ్లు బద్ధకిస్తే దూలం పుచ్చుతుంది. మా బావమరిది నా మోకాళ్ల వైపు చూసి, "ఎక్కేదెవరు బావా?" అన్నాడు. వాళ్లది నేత ఇల్లు. సోమప్పగారు 1938లో పెట్టిన చేనేత సహకార సంఘం నీడలో పెరిగినవాడు. ఏ ఇంట్లో అడుగుపెట్టినా మగ్గం గుంత ఎక్కడ తవ్వొచ్చా అనే చూస్తాడు. ఇక్కడ గుంత అప్పటికే ఉంది. తీరా చూస్తే అది జొన్నల పాతర.

కాగితాల దగ్గరికొచ్చాం. గ్రామకంఠం కదా, పట్టా ఉండదు. ఇంటిపన్ను రసీదులూ ఒక పాత పారికత్తూ చూపించారు. అందులో ఉన్న జిల్లా పేరు చదివి మా బావమరిది ఇది నకిలీదన్నాడు: బళ్లారి జిల్లా, ఆదోని తాలూకా! నకిలీ కాదురా నాయనా, 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడే దాకా మనమంతా బళ్లారి జిల్లా వాళ్లమే, మీ ఎమ్మిగనూరుతో సహా అని చెప్పాల్సొచ్చింది. చెక్కుబందిలో దక్షిణానికి చింతచెట్టు అని రాసుంది. చెట్టు లేదు. పక్కింటి పెద్దాయన వచ్చి నేల మీద కర్ర పొడిచి, "ఈడనే ఉండె" అన్నాడు. 2020లో వచ్చిన స్వామిత్వ పథకం కింద డ్రోన్లు ఎగరేసి పల్లెల్లో ఇళ్లను కొలిచి కార్డులిస్తున్నారు, మంచిదే. కానీ ఆ చింతచెట్టు ఏ డ్రోనుకు కనబడుతుంది? నా నమ్మకం ఆ కర్ర మీదే.

బయానా ఇద్దామని జేబులో చెయ్యి పెట్టేసరికి తేలిందేమంటే, ఇంటి వారసులు అన్నదమ్ములు నలుగురు, అక్కచెల్లెళ్లు ముగ్గురు. ఆడపిల్లలకు సమాన వాటా దేశమంతటికీ 2005లో వస్తే, మన రాష్ట్రంలో రామారావుగారి ప్రభుత్వం 1986లోనే చట్టం చేసింది. కాబట్టి ఏడు సంతకాలూ పడాలి. పడాల్సిందే, ఆడబిడ్డ సంతకం లేని ఇల్లు నాకొద్దు. ఈ సీమలోనే ఆదోనిని ఏలిన సిద్ది మసూద్ ఖాన్ రాఘవేంద్రస్వామికి ఊరికి ఊరే ఇచ్చేశాడని చెప్పుకుంటాం. మంచాల అనే ఆ ఊరే నేటి మంత్రాలయం. నాకు ఒక్క మిద్దె చేతికి రావడానికి ఏడుగురు కుదరాలి.

ఆ ఏడుగురిలో ఇద్దరు తమ్ముళ్లు ఇంటికి తాళం వేసి, పిల్లాజెల్లాతో గుంటూరు వైపు మిరపకోతలకు సుగ్గికి పోయినారు. ఆ వీధిలో సగం తలుపులకు తాళాలే. ఉగాదికి వస్తారంట. అంతదాకా తాళంచెవి పక్కింటి పెద్దాయన దగ్గరే ఉంటుంది. ఈలోగా మీకెవరికైనా చౌడు పోసే మనిషి తెలిసుంటే ఒక మాట చెప్పి పెట్టండి.