మూడో గడి

బేస్‌బాల్ స్కోరుబోర్డు మీద ప్రతి జట్టు పేరుకీ ఎదురుగా, చివర్లో మూడు గడులుంటాయి. పరుగులు, బ్యాటర్లు తమ దెబ్బతో బేస్ చేరిన హిట్లు, ఫీల్డర్ల ఎర్రర్లు. మనం చూస్తూ పెరిగిన క్రికెట్‌లో ఆ మూడో గడి లేదు. స్లిప్‌లో క్యాచ్ జారిపోతే కామెంటేటర్ నొచ్చుకుంటాడు, బౌలర్ నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడిపోతాడు, మర్నాడు పేపర్లో వచ్చే స్కోరుకార్డు మాత్రం ఆ ఊసే ఎత్తదు. బేస్‌బాల్ అలా వదిలిపెట్టదు. బంతి ఎవరి దగ్గర జారిందో అంకె వేసి మరీ రాసుకుంటుంది. ఈ లెక్కల పద్ధతికి రూపమిచ్చిన హెన్రీ చాడ్విక్ ఇంగ్లాండులో పుట్టి, న్యూయార్క్‌లో క్రికెట్ వార్తలు రాస్తూ బేస్‌బాల్ వైపు వచ్చినవాడే కావడం నన్ను ఇప్పటికీ ఆలోచింపజేస్తుంది. తన పాత ఆటలో ఏది నమోదు కాకుండా పోతోందో ఆయనకు తెలిసే ఉంటుంది.

ఆ గడి బరువేమిటో మా అబ్బాయి లిటిల్ లీగ్ జట్టు సీజన్ మొదటి ఆట రోజున నాకు తెలిసింది. న్యూజెర్సీలో ఏప్రిల్ శనివారం. చెట్లింకా చిగురు వేయలేదు. ముందురోజు వానకి తడిసిన మట్టి మీద పొడి చల్లి, దంతెతో సమానంగా లాగారు. కొత్త జెర్సీలు వేసుకున్న పిల్లలు, తొమ్మిదీ పదేళ్ల వాళ్లు, బ్యానర్ల వెనక వరసగా నడిచి వచ్చి నిలబడ్డారు. కాలేజీ రోజుల్లో క్రికెట్ స్కోరు రాసేవాడినని ఎప్పుడో మాటల్లో చెప్పాను. కోచ్ అది గుర్తుపెట్టుకుని స్కోరు పుస్తకం, పెన్సిలు నా చేతికిచ్చాడు. ఆతిథ్య జట్టు మాదే కనుక మా పుస్తకమే అధికారిక లెక్క.

ఆ పుస్తకం ఎంత శ్రద్ధగా గమనిస్తుందో అంతకుముందు నాకు తెలియదు. ప్రతి గడిలో చిన్న వజ్రాకారం గీసి ఉంటుంది. ఫీల్డర్లకి ఒకటి నుంచి తొమ్మిది దాకా అంకెలు. పిచ్చర్ ఒకటి, క్యాచర్ రెండు, రైట్ ఫీల్డర్ తొమ్మిది. మూడో స్ట్రైక్‌కి బ్యాట్ ఊపి అవుటైన పిల్లవాడికి మామూలు ‘కె’ రాయాలి. బ్యాట్ ఊపకుండా చూస్తూ నిలబడి అవుటైతే అదే అక్షరాన్ని తిరగేసి రాయాలి. అవుట్ ఎవరైనా చెబుతారు. ఎలా అవుటయ్యాడన్నది స్కోరరు చూసి రాయాల్సిందే.

మొదటి ఇన్నింగ్స్‌లో బంతి నేల మీద నుంచి సూటిగా మా అబ్బాయి దగ్గరికే వచ్చింది. వాడు సెకండ్ బేస్. గ్లోవ్ కిందికి దిగేలోపే బంతి కాళ్ల సందులోంచి వెళ్లిపోయింది. నేను ‘ఈ’ రాసి పక్కన వాడి అంకె నాలుగు వేశాను. ఇన్నింగ్స్ అయ్యాక వాడు కంచె దగ్గరికి వచ్చి, “నాన్నా, హిట్ ఇచ్చావా, ఎర్రరా?” అన్నాడు. “ఎర్రర్” అన్నాను. “అవును, గ్లోవ్ దించలేదు నేను” అని రెండు గుక్కల నీళ్లు తాగి వెళ్లిపోయాడు.

అసలు సమస్య మూడో ఇన్నింగ్స్‌లో వచ్చింది. అప్పటికి ఇద్దరు అవుట్. రెండో బేస్‌లోనూ మూడో బేస్‌లోనూ రన్నర్లు. మా పిచ్చర్ ఒక అమ్మాయి. ఆమె వేసిన బంతి బ్యాట్ అంచుకి తగిలి రైట్ ఫీల్డ్ మీదికి ఎత్తుగా లేచింది. అక్కడున్న అబ్బాయికి అది మొదటి సీజన్. జాబితాలో ఉన్న ప్రతి పిల్లకీ, పిల్లాడికీ ఫీల్డింగ్, బ్యాటింగ్ కొంతైనా దక్కాలన్నది లిటిల్ లీగ్ నిబంధన. వాడు నాలుగడుగులు ముందుకి పరిగెత్తాడు, ఆగాడు, చేయి అడ్డం పెట్టుకుని వెనక్కి తిరిగాడు. బంతి వాడి వెనకాల పడింది. రెండు పరుగులు వచ్చాయి.

పెన్సిలు ఆగిపోయింది. చేతికి తగలకపోయినా తప్పు రాయవచ్చని పెద్దల ఆట నిబంధనల పుస్తకం చెబుతుంది. అంచనా పొరపాటు పడటం తప్పు కింద రాదనీ అదే పుస్తకం చెబుతుంది. రెంటికీ మధ్య అది పెట్టే కొలత ఒకటే: సాధారణ ప్రయత్నం. ఆ స్థాయి లీగ్‌లో, ఆ స్థానంలో ఆడే సగటు ఆటగాడు, ఆనాటి మైదానాన్నీ వాతావరణాన్నీ లెక్కలోకి తీసుకుంటే చేయగలిగేది. కార్ల్ స్టాట్జ్ 1939లో విలియమ్స్‌పోర్ట్‌లో లిటిల్ లీగ్ మొదలుపెట్టినప్పుడు మైదానాన్నే పిల్లల కాళ్లకు తగ్గట్టు కుదించాడు. పెద్దల ఆటలో బేస్‌కీ బేస్‌కీ మధ్య 90 అడుగులుంటే ఇక్కడ 60. నేలని కుదించినప్పుడు తప్పుని కొలిచే బద్దనీ కుదించాలి కదా.

పైగా ఎండ. హోమ్ ప్లేట్ నుంచి పిచ్చర్ మీదుగా రెండో బేస్‌కి గీసిన గీత ఈశాన్యానికి కాస్త తూర్పుగా ఉంటే మంచిదని నిబంధనల పుస్తకం సూచిస్తుంది. అలా ఉంటే సాయంత్రపు సూర్యుడు బ్యాటర్ వీపు వెనక ఉంటాడు. మా మైదానమూ అలాగే ఉంది. బ్యాటర్ కళ్లు కాపాడితే ఆ ఎండ నేరుగా రైట్ ఫీల్డర్ ముఖం మీద పడుతుంది. నేను హిట్ అని రాశాను.

కాసేపటికి ఆ అబ్బాయి తండ్రి నా పక్కకి వచ్చి నిలబడ్డాడు. మన గుంటూరు వైపు మనిషి. “మావాడి పేరు మీద ఏమైనా పడిందాండీ?” అన్నాడు మెల్లిగా. “లేదండీ, హిట్ ఇచ్చాను. ఎండ కళ్లలో పడింది” అన్నాను. ఊపిరి తీసుకుని “థాంక్సండీ” అన్నాడు.

ఆ కృతజ్ఞత విన్నాకే నాకు సందేహం మొదలైంది. నేను ఎర్రర్ రాసి ఉంటే ఆ ఇన్నింగ్స్ అక్కడితో ముగియాల్సిందన్న లెక్క వచ్చేది. ఆ రెండు పరుగులూ పిచ్చర్ ఖాతాలో పడేవి కావు. హిట్ అని రాయడంతో అవి ఆ అమ్మాయి ఇచ్చిన పరుగులైపోయాయి. బ్యాటర్‌కి హిట్ దక్కింది, ఫీల్డర్‌కి మచ్చ తప్పింది, బరువు మాత్రం మధ్యలో మట్టి దిబ్బ మీద నిలబడ్డ పిల్ల మోసింది. ఆమె బంతి బాగానే వేసింది. ఒక్క గడిలో ముగ్గురు పిల్లలున్నారు. నాకు రాసేటప్పుడు ఒక్కడే కనిపించాడు.

ఆ దిబ్బ మీద ఆడపిల్ల నిలబడటమే మా రాష్ట్రంలో ఒకప్పుడు ఒక పోరాటం. 1972లో హోబోకెన్‌లో మరియా పెపె అనే పన్నెండేళ్ల అమ్మాయి మూడు ఆటలు ఆడాక, ఆడపిల్లలకు చోటు లేదని ఆమెను తప్పించారు. వ్యాజ్యం నడిచి, 1974లో గానీ లిటిల్ లీగ్ తలుపులు తెరవలేదు. అప్పటికి ఆమె వయసు దాటిపోయింది.

ఆట ముగిసిన 24 గంటల్లోపు స్కోరర్ తన తీర్పు మార్చుకోవచ్చని మేజర్ లీగ్‌లో నియమం. ఆ రాత్రి నేను పుస్తకం ముందు పెట్టుకుని కూర్చున్నాను. మా అబ్బాయికి వేసిన ఎర్రర్ గురించి ఎక్కువసేపు ఆలోచించలేదు. సూటిగా వచ్చిన బంతి అది, ఎవరి పిల్లాడైనా అదే రాసేవాణ్ణి. రైట్ ఫీల్డ్ బంతినే అటూ ఇటూ తిప్పి చూశాను. నా చిన్నప్పుడు ఇంట్లో ఏదైనా పగిలితే అమ్మ “పోనీలే, చిన్నవాడు” అనేది. ఆ వెంటనే అక్క వైపు తిరిగి “నువ్వైనా చూసుకోవద్దూ?” అనేది. నాకు మొదటి మాటే గుర్తుండిపోయింది. అక్కకి ఫోన్ చేసి అడిగితే రెండో మాటే గుర్తుందంది. మనం క్షమ అనుకునే వాటిలో ఇలా పక్కవాళ్ల ఖాతాకి మారినవి ఎన్ని ఉంటాయో! ఇంట్లోనైనా ఆఫీసులోనైనా ఒకరిని వదిలేశామని తృప్తి పడేటప్పుడు ఆ బరువు ఎవరి మీద పడిందో ఎంతమందిమి వెతుకుతాం?

తీర్పు మార్చలేదు. ఎండ నిజం, ఆ పిల్లాడి వయసు నిజం. అయితే తీర్పు సరైనంత మాత్రాన దాని భారం మోస్తున్న మనిషికి ఆ సంగతి చెప్పాల్సిన పని తీరిపోదని మాత్రం అర్థమైంది. తర్వాతి ప్రాక్టీసులో ఆ అమ్మాయి దగ్గరికి వెళ్లి పుస్తకం చూపించాను. ఈ రెండు పరుగులు నీ పేరు మీద ఉన్నాయి, నియమం ప్రకారం ఉండాల్సిందే, నీ బంతిలో మాత్రం లోపం లేదు, అది నేను చూశాను అని చెప్పాను. ఆమె గడి మీద వేలు పెట్టి చూసి తలూపింది. “ఆ రోజు మొత్తం ఎన్ని బంతులు వేశాను?” అని అడిగింది. ఆ వయసు పిల్లలు రోజుకి 75 బంతులు మించి వేయకూడదు, 36 లేదా అంతకు మించి వేస్తే కనీసం రెండు రోజులు విశ్రాంతి తప్పదు. “నలభై ఎనిమిది” అన్నాను. “అయితే బుధవారం వేయొచ్చు” అంటూ గ్లోవ్ తీసుకుని పరిగెత్తింది.

మొదటి ఆట మేం ఓడిపోయాం. పుస్తకం ఆ సీజనంతా నా దగ్గరే ఉంది. మీ ఊళ్లో పిల్లల జట్టేదైనా, బేస్‌బాలే కానక్కర్లేదు, స్కోరు రాసే మనిషి కోసం చూస్తుంటే ఒక్క సీజనైనా ఒప్పుకోండి. మీ పిల్లల గడితో పాటు పక్క గడులూ మీరే నింపాల్సి వస్తుంది.