తమ్ముడి లెక్క

మా తమ్ముడు 17 ఏళ్లుగా సైన్యంలో రేషన్ స్టోరు లెక్కలు చూస్తున్నాడు. వచ్చే ఏడాది పింఛనుతో పాడేరు వచ్చేస్తాడు. ఊళ్లోవాళ్లు సెక్యూరిటీ గార్డు ఉద్యోగం చూసుకోమంటున్నారు. వాడేమో విరమణకు ముందు ఇచ్చే పునరావాస శిక్షణలో సరుకుల నిర్వహణ ఎంచుకున్నాడు.

"అన్నా, మన కాఫీ, మిరియాల రైతు సంఘాలకు వ్యాపార సలహాదారునవుతాను" అన్నాడు.

"సలహాకు మనోళ్లు డబ్బులిస్తారా?"

"మొదట్లో ఇవ్వరు. అందాకా పింఛనుంది కదా."

అక్కడ ఆర్డరు వేస్తే పని జరుగుతుంది, ఇక్కడ పదిమందితో కూర్చుని ఒప్పించాలి. ఆ మాటా చెప్పాను.

2019లో అరకు కాఫీకి భౌగోళిక గుర్తింపు వచ్చింది. పేరొక్కటే చాలదు. మా నాయన బతికినన్నాళ్లూ షావుకారు చెప్పిన తూకానికే మిరియాలు పోశాడు. ఆ తూకాన్ని అడిగే మనిషి మా ఇంట్లోంచే వస్తున్నాడు. వాడొచ్చేలోపు సంత ధరలు వారం వారం నోటుబుక్కులో రాసిపెడుతున్నాను.