న్యూజెర్సీ బావకు

పీళమేడు, కోయంబత్తూరు

బావా,

నీ ఉత్తరం అందింది. మీ నాయనకు యాభై రెండేళ్లకే గుండెపోటు వచ్చింది, నువ్వూ ఆ వయసుకు దగ్గరపడ్డావు, భయం సహజమే. కానీ ఆ డబ్బాలో ఉమ్మి పంపి తెప్పించుకున్న జన్యు రిపోర్టు చూసి 'ఊబకాయం నా రాతలోనే ఉంది' అని రాశావు చూడు, అక్కడ నవ్వొచ్చింది. 2007లో బయటపడ్డ ఎఫ్‌టీఓ జన్యువులోని మార్పు అమ్మానాన్నలిద్దరి నుంచీ వచ్చినా సగటున బరువు పెరిగేది మూడు కిలోలే. మరుసటి ఏడాది లండన్‌లోని భారతీయుల్లో ఎంసీ4ఆర్ జన్యువు పక్కన దొరికిన మార్పుతో నడుము పెరిగేది రెండు సెంటీమీటర్లు. మీ మదురై పరోటా అంతకంటే ఎక్కువే పెంచుతుంది.

జన్యువులు ఉత్తవని అనను. మనలో మనమే పెళ్లిళ్లు చేసుకునే కులాల్లో ఒక్కో మార్పు తరతరాలు పాతుకుపోతుంది. ఇక్కడి భారతియార్ విశ్వవిద్యాలయంలో బూపతి బృందం 2006లో వైశ్యుల్లో అలాంటిదే పట్టుకుంది. అది అమ్మానాన్నలిద్దరి నుంచీ వచ్చినవాళ్లలో రక్తంలోని ఒక ఎంజైము పనిచేయదు, ఆపరేషన్‌లో కండరాలు సడలించడానికి ఇచ్చే ఒక మందు ప్రభావం త్వరగా దిగదు. మత్తు డాక్టరుకు అది ముందే తెలియాలి.

మీ ఊరిది ఇంకా పెద్ద కథ. మదురై కామరాజ్ విశ్వవిద్యాలయంలో దండపాణి, హైదరాబాదు సీసీఎంబీలో తంగరాజ్, ఇంకా కొందరు కలిసి 2009లో 'నేచర్ జెనెటిక్స్'లో రాశారు: గుండె కండరానికి సంబంధించిన ఎంవైబీపీసీ3 జన్యువులో 25 డీఎన్‌ఏ అక్షరాలు ఎగిరిపోయినవాళ్లు దక్షిణాసియాలో నూటికి నలుగురు, వాళ్లకు గుండె కండరం దెబ్బతినే ముప్పు దాదాపు ఏడింతలు అని. తర్వాతి పరిశోధనల్లో ఆ లెక్క మెత్తబడింది. అదే జన్యువులో మరో మార్పు తోడైతేనే ముప్పు ఎక్కువ అంటున్నారు. ఏమైనా అది కండరం జబ్బు. మీ నాయనది రక్తనాళం పూడిక. ఈ రెండింటినీ ముడిపెట్టుకుని నిద్ర పాడుచేసుకోకు.

ఆయన నుంచి నీకు వచ్చి ఉండగల, రక్తనాళాల్ని పూడ్చే కొవ్వు రేణువును మామూలు రక్తపరీక్షే పట్టిస్తుంది. పేరు లైపోప్రోటీన్-ఏ. నార్వేలో కోరె బెర్గ్ 1963లో కనిపెట్టాడు. నీ ఒంట్లో అది ఎంత ఉండాలో చాలావరకు పుట్టుకతోనే ఖాయమైపోతుంది. అన్నం మానినా, పది కిలోలు తగ్గినా పెద్దగా కదలదు. అందుకే జన్మకొక్కసారి చూస్తే చాలు. డెసిలీటరుకు 50 మిల్లీగ్రాములు దాటితే జాగ్రత్త పడాలి. మామూలు కొలెస్ట్రాల్ పరీక్షలో దీన్ని విడిగా చూపరు, అడిగి రాయించుకో.

ఇక నీ పొట్ట సంగతి. బీఎంఐ 24, అక్కడి డాక్టరు నార్మల్ అన్నాడని మురిసిపోయావు. మన ఒంటికి 23 నుంచే అధిక బరువు లెక్క. పుణె డాక్టరు యాజ్ఞిక్, లండన్ డాక్టరు యుడ్‌కిన్ 2004లో లాన్సెట్‌లో పక్కపక్కన నిలబడి ఫోటో వేయించుకున్నారు. ఇద్దరి బీఎంఐ 22.3. దొరగారి ఒంట్లో కొవ్వు 9.1 శాతం, మనవాడి ఒంట్లో 21.2! పేగుల చుట్టూ చేరిన కొవ్వు కరిగి సరాసరి కాలేయానికి పోతుంది. కాలేయం దాన్ని ట్రైగ్లిజరైడ్లుగా మార్చి రక్తంలోకి వదులుతుంది. హెచ్‌డీఎల్ పడిపోతుంది, ఎల్‌డీఎల్ రేణువులు చిన్నవై సంఖ్యలో పెరుగుతాయి. వాటిలోని కొలెస్ట్రాల్ మొత్తం మాత్రం మారకపోవచ్చు, అందుకే రిపోర్టు శుభ్రంగా కనిపిస్తుంది. ఒక్కో రేణువుకు అపోబీ అనే ప్రోటీన్ ఒక్కటే ఉంటుంది కాబట్టి, అపోబీని కొలిపిస్తే అసలు సంఖ్య బయటపడుతుంది. ఇది లైపోప్రోటీన్-ఏ లాంటి మొండిది కాదు, నడుము తగ్గితే ఇదీ దిగొస్తుంది.

టేపును చివరి పక్కటెముకకూ తుంటి ఎముకకూ మధ్య పెట్టి, ఊపిరి వదిలాక చూడు. పొట్ట లోపలికి లాగడాలు నా దగ్గర చెల్లవు. నీకు 90 సెంటీమీటర్లు, చెల్లెమ్మకు 80 దాటకూడదు.

లైపోప్రోటీన్-ఏ ఎక్కువని వస్తే నీ పిల్లలకూ, మదురైలో మీ తమ్ముడికీ చూపించాలి. వాడు డాక్టరు గడప తొక్కే రకం కాదు. నువ్వు ఒక్క మాట రాయి, నేనే బస్సెక్కి వెళ్లి ల్యాబుకు లాక్కుపోతాను.

నీ బావ