టిక్కీ కింద నడుం

గుంటూరు మిర్చి యార్డులో సీజన్ జోరు మీదుంది. గేటు దాటీ దాటకముందే ఘాటు గొంతులోకి దిగి దగ్గు మొదలైంది. హమాలీలు బరువు ఎలా ఎత్తుతారో దగ్గరుండి చూద్దామని వెళ్లాను. వెంట ఫిజియోథెరపిస్టుగా పనిచేసే మా చెల్లెలు ఉంది.

మిరపకాయల బస్తాని ఇక్కడ టిక్కీ అంటారు, ఒక్కోటి 40 నుంచి 45 కిలోలు తూగుతుంది. ఇద్దరు ఎత్తి పెడతారు, మూడోవాడు వీపు మీద మోస్తాడు. ముఠాలో కాస్త వయసు మళ్లిన ఒకాయన పక్కనే నిలబడి చూశాను. పాదాలు ఎడంగా వేశాడు. మోకాళ్లు కొంచెం వంచాడు. ఊపిరి పీల్చి బిగబట్టాడు. చెమటకు ఒంటికి అతుక్కుపోయిన బనియన్ కింద పొట్ట చుట్టూతా బిగుసుకోవడం స్పష్టంగా కనబడింది. టిక్కీ వీపు మీదికి వచ్చింది ఆ తర్వాతే. బస్తాల నెట్టు దగ్గర మలుపు తిరిగేటప్పుడు కూడా నడుం మెలితిప్పలేదు, చిన్న చిన్న అడుగులతో ఒళ్లంతా తిప్పాడు.

"చేతుల్లో ఏముంది సార్, పొట్ట బిగిస్తేనే బస్తా ఆగిద్ది" అన్నాడు.

ఆయన అనుభవంతో పట్టుకున్నది ప్రయోగశాలల్లోనూ రుజువైంది. కండరాలన్నీ తీసేసి ఎముకలు, సంధిబంధనాలే మిగిల్చిన నడుం వెన్ను దాదాపు 9 కిలోల భారానికే ఒరిగిపోతుంది. అంటే టిక్కీని మోసేది పొట్ట చుట్టూ, వెన్ను వెంట, కింద కటి భాగంలో ఉన్న కండరాలే. 1996లో ఆస్ట్రేలియా పరిశోధకులు ఇంకో సంగతి చూపించారు. ఆరోగ్యవంతుల్లో చెయ్యి కదలకముందే పొట్టలోని లోపలి కండరం బిగుసుకుంటుంది, నడుం నొప్పి ఉన్నవాళ్లలో అది ఆలస్యమవుతుంది.

ఓ పక్కన టిక్కీలు కుడుతూ కూర్చున్న మనిషిని చూస్తే బాధేసింది. దగ్గు వస్తోందనగానే సూది వదిలేసి నడుం పట్టుకుంటున్నాడు. ఒకప్పుడు ఆయనా మోసినవాడే. నడుం పోయింది బస్తా ఎత్తుతుండగా కాదట, సాయంత్రం పనంతా అయ్యాక కింద పడ్డ కొక్కెం తీయబోతే. అలిసిపోయిన కండరాలు వేళకు బిగుసుకోవు. నాకు ఇదే ముఖ్యం అనిపించింది. నడుం ఎంత గట్టిదైనా దానికి విశ్రాంతి కావాలి. అమెరికాలో వృత్తి ఆరోగ్య సంస్థ నియాష్, అన్నీ అనుకూలంగా ఉన్నప్పుడు కూడా ఒకరు ఎత్తదగ్గ బరువు 23 కిలోలే అంటుంది. దానికి దాదాపు రెట్టింపు రోజంతా మోయిస్తూ, నడుం బలం పెంచుకోమని హమాలీలకే చెప్పి వదిలేయడం న్యాయం కాదు. బస్తా బరువు తగ్గాలి, తోపుడు బళ్లు పెరగాలి.

కొందరు నడుముకి బెల్టులు కట్టుకున్నారు. బెల్టులు నొప్పిని ఆపుతాయనడానికి గట్టి ఆధారం లేదు, వ్యాయామానికి ఉంది.

మధ్యాహ్నం మా చెల్లెలు ఖాళీ గోతాలు పరిపించి రెండు వ్యాయామాలు చూపించింది. మోకాళ్లు, అరచేతులు నేలకానించి కుడిచెయ్యి ముందుకి, ఎడమకాలు వెనక్కి చాపడం మొదటిది. పక్కకి తిరిగి మోచేయి, మోకాళ్ల మీద ఒంటిని లేపి నిలపడం రెండోది. కండలు తిరిగిన కుర్రాడొకడు మొదటిదాంట్లోనే ఊగిపోయాడు. పొట్ట ఎలా బిగించాలో తెలియక అడిగితే, నడుం పక్కన వేళ్లు ఆనించి దగ్గమంది. వేళ్ల కింద గట్టిపడింది. "దగ్గకుండా అంతే బిగించి, ఊపిరి తీసుకుంటూ ఉండు తమ్ముడూ. పది సెకన్లు పట్టి వదిలెయ్" అంది.

టిక్కీలు కుట్టే ఆయన ఇటే చూస్తున్నాడు. "నేను చెయ్యొచ్చా అమ్మా?"

"నొప్పి కాల్లోకి దిగుతోందా బాబాయ్? తిమ్మిరి, మూత్రం పట్టు తప్పడం లాంటివేమన్నా ఉంటే ముందు డాక్టరు దగ్గరికి వెళ్లాలి."

"అయ్యేం లేవు. పొద్దున్నే లేచేప్పుడు పట్టేసిద్ది, అంతే."

"అయితే ఈ మొదటిది మెల్లగా చెయ్యండి. ముందు కాలొక్కటే చాపండి, చెయ్యి తర్వాత చూద్దాం. నొప్పి పెరిగితే ఆపెయ్యండి."

ఆయన సూది పక్కన పెట్టి గోతాం మీదికి వచ్చాడు.