కాళ్లమీద ఎర్రచుక్కలు

ఆషాఢం సేల్ రోజుల్లో మొదటిసారి చూశాను. చీలమండల పైన కారం చల్లినట్టు ఎర్రటి చుక్కలు. దురద లేదు, నొప్పి లేదు. విజయవాడలో చీరల షాపులో నా పని. పొద్దున్నుంచి రాత్రిదాకా నిలబడే ఉంటాం. దోమలు కుట్టాయనుకున్నాను.

శ్రావణానికి పిక్కలదాకా పాకాయి. పాతవి ఇటుకరంగుకి తిరిగాయి, వాటి అంచున మళ్లీ కొత్త చుక్కలు. అప్పుడు భయం పట్టుకుంది. మా వీధిలో డెంగీ వచ్చినవాళ్లకి ప్లేట్‌లెట్లు పడిపోయాయని విన్నాను. ఫోన్లో వెతికితే బ్లడ్ క్యాన్సర్ అని కనబడింది. పైకి అనలేని భయం ఇంకొకటి, కుష్ఠేమోనని. రాత్రి అందరూ పడుకున్నాక బాత్‌రూమ్‌లో మచ్చలమీద పిన్నీసుతో గుచ్చుకుని చూసుకునేదాన్ని. నొప్పి తెలిసేది. అయినా మర్నాడు మళ్లీ గుచ్చుకునేదాన్ని.

షాపులో పరుపుమీద చెప్పుల్లేకుండా ఉండాలి. ఒకరోజు ఒకావిడ నా కాళ్లవంక చూసి, చేతిలోని చీర పక్కన పెట్టేసింది. ఆ మధ్యాహ్నం అన్నం సయించలేదు. మా సెక్షన్లో పెద్దక్క ఏమీ అడగలేదు. నాకు లోపల చీరలు మడతపెట్టే పని ఇప్పించి, బేరాలన్నీ తనే చూసుకుంది.

మా ఆయనకి చెప్పలేకపోయాను. ఆడపడుచుకి చెప్పాను. ఆవిడే సెలవు పెట్టి, ఫీజు కట్టి, చర్మం డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్లింది. రక్తపరీక్ష రిపోర్టు వచ్చేదాకా నా చెయ్యి వదల్లేదు. ప్లేట్‌లెట్లు 2.4 లక్షలు. 1.5 నుంచి 4.5 లక్షల మధ్య ఉంటే మామూలేనట. నేను అక్కడే, జనం మధ్యలో ఏడ్చేశాను.

డాక్టరమ్మ చుక్కలమీద గాజుపలక పెట్టి నొక్కింది. ఎరుపు పోలేదు. అంటే ఆ రక్తం నాళాల్లో లేదు, చర్మంలోకి కారింది. దూదిపోగుతో తాకి స్పర్శ చూసింది. పిన్నీసు సంగతి చెబితే నవ్వలేదు. అందుకు ఆమెకి రుణపడి ఉంటాను. "అంటుకునేది కాదమ్మా, ప్రాణభయం లేదు. ఎప్పుడు పోతుందో మాత్రం చెప్పలేను" అంది. దీన్ని షాంబర్గ్ జబ్బంటారు. 1901లో ఆ పేరున్న అమెరికా డాక్టరు దీని గురించి రాశాడట. అతి సన్నటి రక్తనాళాలు వాచి ఎర్రకణాలు బయటికి కారతాయి. అవి చితికిపోయాక మిగిలే ఇనుముదే ఆ ఇటుకరంగు. కారణం చాలామందిలో తేలదు.

సంక్రాంతికి తగ్గాయి. ఎండలు ముదిరేసరికి మళ్లీ వచ్చాయి. దురద పుట్టినప్పుడు మాత్రం ఆయింట్‌మెంట్ రాస్తాను. పనిలో ఉన్నంతసేపూ బిగుతు సాక్సులు. బెజవాడ ఎండల్లో అవి ఎంత శిక్షో వేసుకున్నవాళ్లకే తెలుసు. ఇప్పుడు వాటిని రోజూ ఉతికి ఆరేసేది మా ఆయనే. కొత్త చుక్క కనబడితే నాకు ఇప్పటికీ గుండె ఝల్లుమంటుంది.

మీకూ ఇలాంటివి వస్తే ముందు డాక్టరుకి చూపించి, రక్తపరీక్ష చేయించుకోండి. చుక్కలు ఉబ్బెత్తుగా ఉన్నా, జ్వరం, కీళ్లనొప్పులు, కడుపునొప్పి తోడైనా, మూత్రం ఎర్రగా వచ్చినా అది వేరే జబ్బు కావచ్చు, అదే రోజు వెళ్లండి. డాక్టరమ్మ నాకు చీటీ వెనక రాసిచ్చింది ఇదే.