తొట్టి కింద తిరిగే రాడ్డు గురించి మా తండాలకి ఒక మాట



ఈ గ్రూపులో స్కాలర్‌షిప్పుల గురించి, హాస్టళ్ల గురించి, కుల సర్టిఫికెట్ల గురించి చాలా రాసుకున్నాం. ఈసారి ఒక ఇనప రాడ్డు గురించి రాస్తున్నాం. మేము నలుగురం రెంటచింతల మండలం తండాల పిల్లలం. ఇద్దరం ఐటీఐ, ఇద్దరం డిగ్రీ. జనవరి నుంచి ఏప్రిల్ దాకా మా యాడిలు, అక్కలు మిర్చి కోతలకి పోతారు. తెల్లారకముందే ట్రాలీ ఆటో వస్తుంది, ట్రాక్టర్ వస్తుంది. ట్రాలీ ఆటో ఐతే వాళ్లు కూర్చునే తొట్టికి సరిగ్గా కిందే ఆ రాడ్డు తిరుగుతూ ఉంటుంది. మన దగ్గర మెకానిక్కులు దాన్ని ప్రొపెల్లర్ షాఫ్టు అంటారు, కొందరు ఉత్తగా షాఫ్టు అంటారు.

దాని పని చెప్పుకోవడానికి తేలిక. ఇంజిన్, గేరుబాక్సు ముందుంటాయి. తిరగాల్సిన చక్రాలు వెనకుంటాయి. ఆ తిప్పుడుని ముందు నుంచి వెనక్కి మోసుకుపోయేది షాఫ్టు. ఐతే గుంతలో పడ్డప్పుడల్లా వెనక ఇరుసు కట్టల మీద పైకీ కిందకీ ఊగుతుంది, గేరుబాక్సు మాత్రం ఛాసిస్‌కి బిగించి ఉంటుంది. నిలువు రాడ్డు ఒక్కటే పెడితే ఇరిగిపోతుంది. అందుకే రెండు చివర్లా ప్లస్ గుర్తులాంటి క్రాస్ జాయింట్లు ఉంటాయి, మధ్యలో ఒకదాన్లోకి ఒకటి జారే పళ్ల గొట్టం ఉంటుంది. క్రాస్ వంపుని తట్టుకుంటుంది, జారే గొట్టం పొడుగులో వచ్చే తేడాని సర్దుకుంటుంది.

ఇందులో ఒక కిటుకు ఉంది. వంపుగా తిరిగే ఒక్క క్రాస్ వేగాన్ని సమంగా ఇవ్వదు. ఒక్కో చుట్టుకి రెండుసార్లు పెరుగుతుంది, రెండుసార్లు తగ్గుతుంది. రెండో క్రాస్ ఆ తేడాని చెరిపేస్తుంది. ఐతే షాఫ్టు మీదున్న రెండు యోకులూ ఒకే వరసలో ఉండాలి. షాఫ్టు విప్పి మళ్లీ బిగించేటప్పుడు పళ్లు ఒకటి తప్పినా ఆ వరస పోతుంది, బండి ఒణుకుతుంది. అందుకే విప్పే ముందే రెండు వైపులా సుద్దతోనో ఉలితోనో గుర్తు పెట్టుకోవాలి.

ఇదంతా ఎందుకు నేర్చుకున్నామంటే, పోయినేడు మా కాకా ఒకాయన పాత ట్రాలీ ఆటో కొందామన్నాడు. డబ్బుల్లో సగం మా యాడిల డ్వాక్రా లోను. వారం వారం కట్టాల్సింది వాళ్లే. అమ్మేవాడు రంగు చూపించాడు, కొత్త టైర్లు చూపించాడు. "చదువుకున్నోళ్లు మీరు, ఇంజిన్ శబ్దం వినండి, చాలు" అన్నాడు. మేము మాత్రం కింద దూరాం.

ఏం చూశామో వరసగా రాస్తున్నాం, మీరూ చెయ్యొచ్చు. బండి చదును నేల మీద పెట్టాలి. చక్రాలకి ముందూ వెనకా రాళ్లు వెయ్యాలి, హ్యాండ్ బ్రేకు లాగాలి, ఇంజిన్ ఆపి తాళం మన జేబులో వేసుకోవాలి. బండి నడిచి వచ్చి ఉంటే చల్లారేదాకా ఆగాలి. అప్పుడు గేరు న్యూట్రల్‌లో పెట్టి షాఫ్టుని చేత్తో పట్టుకుని అటూ ఇటూ తిప్పాలి, పైకీ కిందకీ ఊపాలి. క్రాస్ దగ్గర ఆట ఉండకూడదు. క్రాస్ కప్పుల చుట్టూ ఎర్రటి తుప్పు పొడి కనపడితే లోపల గ్రీజు అయిపోయి సన్న రోలర్లు అరుగుతున్నాయని అర్థం. ఫ్లాంజి బోల్టులు నాలుగూ బిగువుగా ఉన్నాయా, గొట్టం మీద సొట్ట ఉందా, వెల్డింగు మచ్చ ఉందా చూడాలి. గొట్టానికి అతికించిన చిన్న బ్యాలెన్సు బిళ్ల ఊడిన గుర్తుందా కూడా చూడాలి. తర్వాత బండి నడిపి చూడాలి. ముందుకీ రివర్సుకీ మార్చినప్పుడు "టక్" మంటే అనుమానించాలి. వేగం పెరిగేకొద్దీ తొట్టి ఒణుకుతుంటే ఇంకా అనుమానించాలి.

మేం చూసిన బండిలో వెనక క్రాస్ దగ్గర ఎర్ర పొడి, గొట్టం మీద పాత వెల్డింగు రెండూ ఉన్నాయి. అమ్మేవాడు "వెల్డింగే గట్టి" అన్నాడు. కాకా మా మొహాలు చూశాడు. ఆ షాఫ్టు టాప్ గేర్లో దాదాపు ఇంజిన్‌తో సమానంగా, నిమిషానికి రెండు మూడు వేల చుట్లు తిరుగుతుంది. కోసి అతికిన గొట్టాన్ని మిషన్ మీద బ్యాలెన్సు చెయ్యకపోతే ఆ ఒణుకు గేరుబాక్సు బేరింగుల్ని తినేస్తుంది. ముందు జాయింటు ఊడిందంటే షాఫ్టు రోడ్డుకి గుచ్చుకుని బండినే ఎత్తెయ్యగలదు. షాఫ్టు మార్పించి ఇస్తేనే తీసుకుంటామని కాకా తేల్చి చెప్పాడు. మూడు రోజులు బేరం నడిచింది. చివరికి కొత్త షాఫ్టు ఖర్చు ధరలో తగ్గించారు, మేమే వేయించుకున్నాం.

కొనేటప్పుడు "ఈ మోడల్‌ది ఇవ్వు" అంటే చాలదు. పాత షాఫ్టు దుకాణానికి తీసుకుపోవాలి. మొత్తం పొడుగు, ఫ్లాంజి బోల్టు రంధ్రాల దూరం, క్రాస్ కప్పు వెడల్పు, పళ్ల లెక్క అన్నీ కలవాలి. ఒకే బండిలో రెండు రకాల షాఫ్టులు వచ్చి ఉండొచ్చు. గ్రీజు నిపిల్ ఉన్న క్రాస్ ఐతే మన దుమ్ము దారులకి మంచిది, కొత్త గ్రీజు పాత మురికిని బయటికి తోస్తుంది. ఐతే కొట్టించే ఓపిక మనకి ఉండాలి.

ట్రాక్టర్ ఉన్నోళ్లకి ఇంకో మాట. వెనక పీటీవో నుంచి రోటవేటర్‌కో స్ప్రేయర్‌కో పోయే షాఫ్టు కూడా ఇదే జాతి. నిమిషానికి 540 చుట్లు, అంటే సెకనుకి తొమ్మిది. చీర కొంగు, చున్నీ, తువ్వాల అంచు దొరికితే "ఆపు" అనేలోపే మనిషి పోతాడు. దాని మీది ప్లాస్టిక్ తొడుగు "అడ్డం" అని పీకేస్తున్నారు. పీకొద్దు. పగిలితే కొత్తది వెయ్యండి. ఇంజిన్ ఆపకుండా ఎవర్నీ దాన్ని దాటనివ్వొద్దు.

షాఫ్టు బాగుంటే అంతా బాగున్నట్టు కాదని మాకూ తెలుసు. 2018 ఏప్రిల్‌లో కృష్ణకి అవతల, నల్గొండ జిల్లా వద్దిపట్ల దగ్గర మిర్చి కూలీల ట్రాక్టర్ కాలవలో పడి 9 మంది పోయారు, పడమటి తండా వాళ్లు. 2022 మేలో మన రెంటచింతలలోనే శ్రీశైలం పోయి వస్తున్న మినీ ట్రక్కు ఆగి ఉన్న లారీని గుద్దుకుంది. అవి షాఫ్టు వల్ల జరిగినవి కావు. సరుకు బండిలో మనుషుల్ని ఎక్కించడం చట్టం ఒప్పుకోదు, ప్రమాదం జరిగితే ఇన్సూరెన్సు కూడా చేతులెత్తేస్తుంది. "మరి చేనికి ఎలా పోవాలి?" అని యాడిలు అడిగితే మా దగ్గర పూర్తి జవాబు లేదు. కోతల కాలంలో తండాలకి తెల్లవారుజామున బస్సు కావాలని అడగాల్సింది మనమే, అందరం కలిసి అడగాలి.

ఆ బస్సు వచ్చేదాకా బండ్లు నడుస్తూనే ఉంటాయి. కోతలు మొదలవ్వకముందే, సెలవులకి ఇంటికి పోయినప్పుడు, మీ తండాలో ఉన్న ప్రతి బండి కిందా ఒక్కసారి దూరి చూడండి. పది నిమిషాల పని, ఒక టార్చి, ఒక పాత గుడ్డ చాలు. మా తండాలో ఆరు బండ్లు చూశాం, రెండిటికి క్రాసులు మార్పించారు.