మట్టాంచేరి యూదుల వీథి

ఇటీవల మేము మలయాళదేశ యాత్రకు పోయి కొచ్చిలో మూడు దినములు నిలిచితిమి. ఎర్నాకుళమున బోటెక్కి ఉప్పునీటి కయ్యను దాటి మట్టాంచేరి రేవున దిగగానే మిరియముల ఘాటును శొంఠివాసనయు మాకెదురువచ్చినవి. ఆ సుగంధద్రవ్యముల కొట్లనడుమ సాగు ఇఱుకైన వీథియే యూదుల వీథి. ఇప్పుడచ్చట ప్రాతసామానుల అంగళ్లే యెక్కువ. వీథి కొసను, కొచ్చిరాజుల ప్రాతనగరు ప్రక్కనే, యూదుల ప్రార్థనాలయ మొకటి కలదు. దానిని పరదేశి సినగాగు అందురు.

ఈ యాలయము 1568లో కట్టబడినది. స్పెయిను, పోర్చుగలు మున్నగు దేశములలో నిలువనీడ లేక సముద్రము దాటివచ్చిన యూదులకు కొచ్చిరాజు తన నగరి ప్రక్కనే చోటిచ్చి కాపాడెను. 1662లో పోర్చుగీసువారు దీనిని పాడుచేసిరి. మఱుసటియేట డచ్చివారు కొచ్చిని గెలిచిన పిదప ఆలయము మరల బాగుచేయబడెను.

వాకిట చెప్పులు విడువవలెనని చెప్పగానే మా యత్తగారికి ప్రాణము లేచివచ్చినది. “ఇదియు మన గుడివంటిదే కదమ్మా!” అనిరి. తక్కినదేశముల యూదాలయములలో ఈ యాచారము సాధారణముగా కానరాదు. లోపల నేలకు పరచిన తెల్లనిపలకలు పదునెనిమిదవ శతాబ్దమున చీనానుండి తెప్పించినవి. వానిపై నీలిరంగుతో చేతితో వ్రాసిన చిత్రములున్నవి. కప్పునుండి గాజుదీపములు వ్రేలాడుచున్నవి. నడుమ ఇత్తడి కటకటాల వేదిక. విగ్రహమన్నది లేదు. పడమటిగోడకడ మందసమున ‘తోరా’ యను ధర్మగ్రంథపు చుట్టలుండును. స్త్రీలు కూర్చుండుటకు మేడమీద వేరుచోటు కలదు. ఈ యూరి యూదస్త్రీలు మలయాళమున పాటలు కట్టి, నోటుపుస్తకములలో వ్రాసికొని, పెండ్లిండ్లలోను పండుగలలోను పాడుకొనెడివారట!

మావారి స్నేహితులగు ఒక వృద్ధోపాధ్యాయులు మాకు తోడువచ్చిరి. వారు ఆ యూరివారే. యూదుల యాచారములు బాగుగ నెఱిగినవారు. “వీరి మతమున దినమునకు నూఱుమార్లు దేవుని స్తుతింపవలెనని పెద్దల మాట. నిద్రలేవగానే ఒక కృతజ్ఞత. రొట్టె తుంచునప్పుడొకటి, పండు కొఱుకునప్పుడొకటి. ఇంద్రధనుస్సు చూచినను, ఉఱుము విన్నను ఒకటి. కడుపునిండిన పిదప మఱల దీర్ఘమైన వందనము” అని వారు చెప్పిరి.

“అట్లయిన దినమంతయు దేవునికి దండములు పెట్టుటతోనే సరిపోవునే! ఇఁక తోడివారి మాట యెప్పుడు?” అని మా యత్తగారడిగిరి.

ఆయన నవ్వి యిట్లనిరి: “అచ్చటనే యున్నది, తల్లీ, వీరి ధర్మములోని కిటుకు. ఇంటి పశువులకు మేత వేయక ముందు తాను భుజింపరాదని వీరి పెద్దలు విధించిరి. పంట కోయునప్పుడు చేని మూలలు కోయక విడువవలెను, రాలిన వెన్నులేఱుకొనరాదు. అవి బీదవారివి, పరదేశులవి. రూతు అను విధవరాలు పరాయిదేశపు పొలమున అట్టి వెన్నులేఱుకొనియే తన యత్తను పోషించెను. వీరు దానమును ‘త్సెదాకా’ అందురు. ఆ మాటకు మూలార్థము దయ కాదు, న్యాయము. ఇచ్చువాడు ఘనుడని కాదు. అది పుచ్చుకొనువాని హక్కు. దానముమీద బ్రతుకువాడును తనకు దొరకినదానిలో కొంత మఱియొకనికి ఈయవలెను. శుక్రవారము సాయంకాలము విశ్రాంతిదినపు దీపములు వెలిగింపబోవుచు, ముందుగా బీదలపెట్టెలో నాణెము వేయు ఇల్లాండ్రు వీరిలో ఎందఱో కలరు.”

ఆ మాట నా మనసున నాటుకొన్నది. దీపము దేవునిది, నాణెము పొరుగువానిది. రెండింటిని వెలిగించునది ఒక్కచేయియే!

పిమ్మట ఆయన మమ్ము ఆలయపు ముందరి గదికి కొనివచ్చి, గొంతు తగ్గించి మఱియొక కథ చెప్పిరి.

యూదులకు పస్కా ముఖ్యమైన పండుగ. తమ పూర్వులు ఐగుప్తుదేశమున బానిసలై యుండగా దేవుడు విడిపించెనని ఆ రాత్రి ఇంటిల్లిపాదియు కూర్చుండి స్మరింతురు. ఆకలిగొన్నవారందఱు వచ్చి భుజింపుడని పిలిచి మఱి కథ మొదలిడుదురు. మీరును ఒకప్పుడు పరదేశులే గనుక పరదేశిని బాధింపకుడని వారి ధర్మగ్రంథము మఱల మఱల హెచ్చరించుచున్నది. అయినను ఈ యాలయముననే, బానిసత్వమునుండి విడుదల పొంది యూదమతమున చేరినవారికిని వారి సంతతికిని సమాన స్థానము లేకుండెను. వారిని ‘మెషుహ్రరిము’ అనెడివారు. విడుదల పొందినవారని అర్థము. తక్కినవారు బల్లలపై కూర్చుండి తమ విడుదలకై దేవుని స్తుతించుచుండగా, వీరు వెనుకచోట నేలమీదను మెట్లమీదను కూర్చుండెడివారు.

ఆ కుటుంబములలో పుట్టినవాడే ఏ. బి. సేలం (1882–1967). ఆయన వకీలు, కాంగ్రెసువాది, కొచ్చి శాసనసభలో సభ్యుడు. గాంధిమహాత్ముని మార్గమున తన ఆలయమునందే సత్యాగ్రహము పూనెను. ఆయన దేవుని విడువలేదు, తనవారిని దూషింపలేదు. వారు నిత్యము చదువు ధర్మమునే వారికి జ్ఞాపకము చేసెను. ఏండ్లు గడిచినవి, క్రమక్రమముగా అడ్డులు తొలగినవి. జనులాయనను ‘యూదుల గాంధి’ అనిరి.

“ప్రాయశ్చిత్తదినమున వీరు పగలు రేయి ఉపవాసముందురు. దేవునిపట్ల చేసిన తప్పు ఆ దినము తీఱును. తోడివానిపట్ల చేసిన తప్పు మాత్రము, వానికడకు పోయి వానిని సమాధానపఱచినగాని తీఱదు. దేవుడైనను ఆ బాకీ తన ఖాతాలో వేసికొనడు” అని ఆ పెద్దలు ముగించిరి.

1948లో ఇజ్రాయేలు రాజ్యమేర్పడిన పిదప ఇచ్చటి యూదులలో పెక్కురు ఆ దేశమునకు తరలిపోయిరి. సామూహిక ప్రార్థనకు పదుగురు పురుషులుండవలెను. ఇప్పుడు స్థానికులలో ఆ సంఖ్యయు దొరకదు. దీపములున్నవి, నీలిపలకలున్నవి, కూర్చుండువారే లేరు. ఒకనాడు ఎవరు బల్లమీద, ఎవరు నేలమీద అని అంత పంతము పట్టిరే! ఆ బల్లలన్నియు ఖాళీగానున్నవి.

తిరుగు రైలులో మా యత్తగారు చాలసేపు మాటాడలేదు. ఆమె నిత్యము సూర్యోదయమునకు ముందే లేచి పూజచేయువారు. మా పనిమనిషికి పదునెనిమిదేండ్లుగా వసారా గూటిలో వేరొక గ్లాసున్నది. ఆ సంగతి నేనును ఏనాడును తలపోసినదానను గాను.

ఇల్లు చేరిన మఱునాటి యుదయమున పూజ ముగియగానే అత్తగారు వంటింటిలో పీట వాల్చి, “రావే, లోపల కూర్చుండి కాఫీ త్రాగు” అని ఆమెను పిలిచిరి. ఆమె గడపకడనే నిలిచిపోయినది. పిలిచినంతనే వచ్చి కూర్చుండుటకు, పదునెనిమిదేండ్లు చిన్నకాలమా? అత్తగారు రెండవమారు పిలిచిరి. నేను మా గ్లాసులలోనుండి ఒకటి తీసి కడిగితిని.